లాక్ పాడైన కారును తెరిచి వదిలేయకండి

2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు చిన్నపిల్లలు ఆడుకుంటూ వెళ్లి ఆగి ఉన్న కారులోకి ఎక్కారు. డోర్లు లాక్ పడ్డాయి. పెద్దవాళ్లు వెతుక్కుంటూ వచ్చి చూసేసరికి నలుగురూ చనిపోయి ఉన్నారు. అంతకు నెల ముందే చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు ఆడపిల్లలు అలాగే పోయారు.

నేను ఖమ్మంలో ఆటో ఎలక్ట్రీషియన్‌ని. ఎండాకాలం కారు జాగ్రత్తలంటే టైర్లలో గాలి, కూలెంట్, ఏసీ అని అందరూ చెప్తూనే ఉంటారు. వాటి జోలికి వెళ్లను. నేను ఎక్కువగా చూసే తప్పు ఒక్కటే. సెంట్రల్ లాక్, అంటే అన్ని డోర్లనూ ఒకేసారి వేసే లాక్ పాడైతే, ఖర్చుకు వెనకాడి కారును అలాగే తెరిచి వదిలేయడం.

మొన్న ఒక పెద్దాయన కారు తెచ్చారు. డ్రైవర్ డోర్ లాక్ మోటార్ పోయి ఆరు నెలలైంది. "మరి ఇన్నాళ్లూ లాక్ చేయకుండానే పెట్టారా బాబాయ్?" అని అడిగాను. "ఇంటి ముందే కదా నాయనా, అందులో దొంగలు ఎత్తుకెళ్లడానికి ఏముంది?" అన్నారు. వెనక సీట్లో బొమ్మ జేసీబీ ఒకటి, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్ ఒకటి ఉన్నాయి. మనవడివట, ఆడుకోవడానికి రోజూ అందులోకి ఎక్కుతాడట. వెనక రెండు డోర్లకూ చైల్డ్ లాక్ వేసి ఉంది. అంటే లోపలి హ్యాండిల్ ఎంత లాగినా ఆ డోరు రాదు. బయటి నుంచి ఎవరో ఒకరు తీయాల్సిందే. ఆ మాట చెప్పగానే ఆయన అక్కడే స్టూల్ మీద కూర్చుండిపోయారు.

దొంగలు లోపలికి రాకుండా ఉండటానికే లాక్ అనుకుంటాం. పిల్లలు లోపలికి వెళ్లకుండా ఆపేది కూడా అదే. ఎండలో మూసి ఉన్న కారులో పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. అద్దం రెండు వేళ్ల సందు దించి ఉంచినా లాభం ఉండదు.

ఖర్చు ఎంతవుతుంది?

ముందు చెవిపెట్టి వినండి. రిమోట్ నొక్కినప్పుడు ఆ డోరులో ఏ శబ్దమూ లేకపోతే మోటార్ పోయిందని తేల్చేయకండి. కొన్నిసార్లు డోరుకీ బాడీకీ మధ్య ఉన్న రబ్బరు గొట్టంలో వైరు తెగి ఉంటుంది. డోరు తీసి వేసిన ప్రతిసారీ అది మడత పడుతుంది కదా, కొన్నేళ్లకు లోపలి రాగి తెగిపోతుంది. అతికితే కొన్ని వందలతో పని అయిపోతుంది. నాలుగు డోర్లూ ఒకేసారి ఆగిపోతే ముందు ఫ్యూజ్ చూడాలి, దాని ఖరీదు పదో ఇరవయ్యో. దగ్గరికి వెళ్తేనే రిమోట్ పనిచేస్తుంటే అందులో సెల్ మార్చండి.

గిర్రుమని తిరిగిన శబ్దం వచ్చి లాక్ పడకపోతే లాక్ మోటార్ లోపలి గేర్ అరిగిందని అర్థం. ఆ పెద్దాయన కారులో మోటార్ విప్పి గేర్ చేతిలో పెట్టాను. బొటనవేలి గోరంత తెల్లటి ప్లాస్టిక్ చక్రం, ఒక పక్క పళ్లు మొత్తం అరిగి నున్నగా అయిపోయాయి. పాత మోడల్ కార్లకు బయట దొరికే మోటార్ ఒక్కోటి రెండు మూడు వందలు, కూలి వేరు. డ్రైవర్ డోర్‌కు మాత్రం ఐదు వైర్ల మోటార్ కావాలి. మిగతా డోర్లకు ఆర్డర్ ఇచ్చేది అదే. రెండు వైర్లది బిగిస్తే, తాళంతో వేసినప్పుడు ఆ ఒక్క డోరే పడుతుంది, మిగతా మూడూ తెరిచే ఉంటాయి.

కొత్త మోడళ్లలో మోటారూ లాకూ ఒకే ముక్కగా వస్తాయి. మోడల్‌ని బట్టి ఒక్కో డోరుకు రెండు వేల నుంచి ఐదారు వేలు, పెద్ద కార్లకైతే ఇంకా ఎక్కువ. ఖర్చే. అయినా ఆ డబ్బు కూడేదాకా కారును తెరిచి వదిలేయకండి. మోటార్ పోయినా చాలా కార్లలో చేత్తో లాక్ పడుతుంది. వెనక డోర్లకు లోపలి నాబ్ నొక్కి మూయండి, ముందు డోరు తాళంతో వేయండి. అర నిమిషం పని.

మెకానిక్ దగ్గర ఉన్నప్పుడు ఇవి మరవద్దు:

డోర్ ప్యాడ్, అంటే డోరుకు లోపలివైపు ఉండే అట్ట వెనక ఉన్న ప్లాస్టిక్ షీటు చింపి పారేయనివ్వకండి. అది లేకపోతే వానాకాలంలో నీళ్లు లోపలికి వచ్చి ప్యాడ్, కార్పెట్ తడిసిపోతాయి.

డోరు కింద అంచున నీళ్లు పోయే రంధ్రాలు ఉంటాయి, అందులో మట్టి తీయించండి.

కొత్త లాక్ బిగించగానే డోరు మూయనివ్వకండి. డోరు తెరిచే ఉంచి, స్క్రూడ్రైవర్‌తో డోరు అంచున ఉండే లాచ్ (కొక్కెం) నొక్కి, పదిసార్లు లాక్, అన్‌లాక్ చేయించి, లోపలి హ్యాండిల్‌తోనూ బయటి హ్యాండిల్‌తోనూ తీయించి చూడండి. మూసిన డోరు బిగుసుకుపోతే ప్యాడ్ పగలగొట్టి తీయాల్సి వస్తుంది.

పాత సామాన్ల షాపు లాక్ వద్దు. అరిగిన గేరుకు ఇంకో అరిగిన గేరు తెచ్చుకున్నట్టే.

మీ కారులోంచి విప్పిన పాత మోటార్‌ను అడిగి తెచ్చుకోండి.

ఇక ఇంటి దగ్గర, రిమోట్ పిల్లల చేతికి ఇవ్వకండి.

కారులో బొమ్మలు, తినేవి వదలకండి.

దిగగానే వెనక సీటు చూడండి.

లాక్ చేశాక నాలుగు హ్యాండిళ్లూ లాగి చూడండి. నాలుగూ.

పక్కింటివాళ్ల కారు నెలల తరబడి తెరిచి పడి ఉంటే వెళ్లి చెప్పండి. మొహమాటపడకండి.

పిల్లలు కనపడకపోతే ముందు వెతకాల్సింది కార్లలో. తర్వాతే బావి, చెరువు, పక్కవీధి.

లోపల పిల్లలు కనిపిస్తే తాళం కోసం పరిగెత్తకండి. వాళ్లకు దూరంగా ఉన్న పక్క అద్దం మూల మీద కొట్టండి. డ్రైవర్‌కు ఎదురుగా ఉండే పెద్ద అద్దం కొట్టొద్దు, అది బీటలు వారుతుంది గానీ ఊడి రాదు. ఇంకొకరిని 108కి ఫోన్ చేయమనండి.