ఆర్డూపైలట్ డ్రోన్‌కి మావ్‌లింక్ సైనింగ్ పెట్టుకోవడం ఎలా

మందు కొట్టే డ్రోన్ కానివ్వండి, సర్వే డ్రోన్ కానివ్వండి, పిక్స్‌హాక్ లేదా క్యూబ్ కంట్రోల్ బోర్డు మీద ఆర్డూపైలట్ (డ్రోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తుంటే మొదట్లో దానికి తాళం ఉండదు. డ్రోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య సమాచారం మోసే సిక్ టెలిమెట్రీ రేడియోలు నెట్ ఐడీ (జత కలిపే నంబరు) 25తోనే వస్తాయి. అదే రకం రేడియో, అదే నంబరు ఉన్న ల్యాప్‌టాప్‌ని పక్క గట్టు మీద ఎవరు తెరిచినా మీ డ్రోన్ వాళ్ల మాట వింటుంది. నంబరు మార్చండి, కానీ దాని మీదే భరోసా పెట్టుకోవద్దు. వెతికితే దొరికిపోతుంది.

అసలు తాళం మావ్‌లింక్ 2లోని సైనింగ్. మావ్‌లింక్ అంటే డ్రోన్, ల్యాప్‌టాప్ మాట్లాడుకునే భాష, సైనింగ్ అంటే అందులోని ప్రతి సందేశానికీ సంతకం పెట్టడం. డ్రోన్ దగ్గరా ల్యాప్‌టాప్ దగ్గరా ఒకే 32 బైట్ల కీ ఉంటుంది. ప్రతి ప్యాకెట్ చివర 13 బైట్లు చేరతాయి: లింక్ నంబరుకి 1, సమయానికి 6, సంతకానికి 6. మామూలుగా 21 బైట్లుండే హార్ట్‌బీట్ ('నేనున్నాను' అని పదేపదే పంపే సందేశం) 34 అవుతుంది, దాని మూడో బైట్ 0 నుంచి 1కి మారుతుంది. దీంతో డేటా రహస్యం కాదు. లొకేషన్, బ్యాటరీ ఎవరైనా చదవగలరు, ఆదేశం మాత్రం ఇవ్వలేరు.

ముందు ప్రొపెల్లర్లు విప్పేయండి. టెలిమెట్రీ పోర్టు సీరియల్1 అయితే దాని ప్రోటోకాల్ పారామీటర్ 2 ఉండాలి. 1 ఉంటే పాత మావ్‌లింక్, అందులో సంతకానికి చోటే లేదు. తర్వాత యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లోని మిషన్ ప్లానర్ అనే సాఫ్ట్‌వేర్‌కి కలిపి సెటప్, అడ్వాన్స్‌డ్‌లో మావ్‌లింక్ సైనింగ్ తెరవండి. డ్రోన్ పేరుతో కొత్త కీ యాడ్ చేసి, పాస్‌ఫ్రేజ్ ఇచ్చి, యూజ్ నొక్కండి. రేడియో మీద ఈ పని చేయవద్దు, కీ ఉన్నదున్నట్టుగా గాల్లోకి పోతుంది. డ్రోన్ ఆర్మ్ అయి (మోటార్లు తిరగడానికి సిద్ధంగా) ఉంటే కీ తీసుకోదు. పాస్‌ఫ్రేజ్‌లో ఊరి పేరు, ఫోన్ నంబరు వద్దు. ప్యాకెట్లు రికార్డు చేసుకున్నవాడు ఇంట్లో కూర్చుని తీరిగ్గా ఊహించి చూడగలడు. సంబంధం లేని ఆరేడు మాటలు పెట్టండి. డ్రోన్‌కో కీ ఉండాలి.

ఎక్కువమంది చిక్కుకునేది గడియారం దగ్గర. పాత ప్యాకెట్‌ని రికార్డు చేసి మళ్లీ పంపితే చెల్లకుండా, సమయాన్ని 2015 జనవరి 1 నుంచి 10 మైక్రోసెకన్ల లెక్కన కొలుస్తారు. డ్రోన్ సరైన టైం జీపీఎస్ నుంచి తీసుకుంటుంది. మీ ల్యాప్‌టాప్ ఒక నిమిషం కంటే వెనక ఉంటే కీ సరైనదే అయినా కొత్త కనెక్షన్‌ని డ్రోన్ తోసిపుచ్చుతుంది. ముందు ఉంటే ఇంకా తంటా. డ్రోన్ ఆ ముందు టైంనే నమ్మి దాన్ని దాచుకుంటుంది. ఒక ల్యాప్‌టాప్ రోజు ముందుంటే, సరైన టైం ఉన్న రెండోదానికి రోజంతా తలుపు మూసుకుపోయినట్టే. పొలానికి వెళ్లే ముందు ఫోన్ హాట్‌స్పాట్‌తో టైం సింక్ చేయండి. అప్పటికే ఇరుక్కుంటే టైం సరిచేసి, యూఎస్‌బీతో కీ మళ్లీ ఎక్కించండి. కీతో పాటు మొదలు సమయం కూడా వెళుతుంది.

ఇప్పుడు పరీక్ష. కీ లేని ల్యాప్‌టాప్‌ని రేడియోతో కలపండి. తెర మీద హొరైజన్ (డ్రోన్ వంపు చూపే బొమ్మ) కదులుతూ కనిపించవచ్చు, దాన్ని చూసి కంగారు పడొద్దు. మోడ్ మార్చి చూడండి, మారకూడదు. ఈ పరీక్ష యూఎస్‌బీ మీద చేస్తే ఫలితం తప్పు వస్తుంది, ఎందుకంటే ఆర్డూపైలట్ ఆ దారిలో సంతకం లేనివాటినీ ఒప్పుకుంటుంది. అంటే డ్రోన్‌కి కేబుల్ పెట్టగలిగినవాడికి తాళం అడ్డు కాదు. షెడ్డుకి మామూలు తాళం కూడా వేయండి.

డ్రోన్ మీద రాస్ప్‌బెరీ పై లాంటి చిన్న కంప్యూటర్ ఉంటే దాని స్క్రిప్టుకీ కీ ఇవ్వాలి, లేకపోతే ఆ రోజు నుంచి దాని ఆదేశాలు పనిచేయవు. గాల్లో ఉండగా కీ లేని ల్యాప్‌టాప్‌కి మారితే దాని హార్ట్‌బీట్‌లు చెల్లవు. గ్రౌండ్ స్టేషన్ ఫెయిల్‌సేఫ్ (ల్యాప్‌టాప్ లింక్ తెగితే పనిచేసే రక్షణ) ఆన్‌లో ఉంటే, సెట్టింగుని బట్టి డ్రోన్ వెనక్కి తిరగవచ్చు.

చేతిలోని రిమోట్ లింక్‌కి ఈ సంతకం వర్తించదు. ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్ రకం రిమోట్ లింక్ వాడేవాళ్లు బైండింగ్ ఫ్రేజ్‌ని (రిమోట్‌నీ రిసీవర్‌నీ జతచేసే మాటని) పాస్‌వర్డ్ అనుకుంటారు. అది రెండు రిమోట్లు కలగాపులగం కాకుండా పెట్టినది మాత్రమే, ఆ లింక్‌లో ఎన్‌క్రిప్షన్ లేదు.