ఎండలు ముదరకముందే మోడల్ రైలు పట్టాలు వేస్తున్నారా? ఇవి చూసుకోండి

మన ఇళ్లల్లో మోడల్ రైలు లేఅవుట్‌కు దొరికే చోటు చాలావరకు డాబా మీది గదే. డిసెంబరు ఉదయం 18 డిగ్రీలుండే ఆ గది మే మధ్యాహ్నానికి 42 దాటుతుంది. ఆ వెనకే వానాకాలం చెమ్మ. ఫిబ్రవరిలో చక్కగా తిరిగిన బండి జూన్‌కల్లా వంపు దగ్గర పట్టా తప్పుతోందంటే ముందు ఇంజన్‌ని విప్పకండి, కిందికి వంగి చూడండి.

అసలు గొడవ చెక్కతోనే. ప్లైవుడ్ తెచ్చిన రోజే కోసి బిగించేయకుండా కొన్నాళ్లు అదే గదిలో పడుకోబెట్టి ఉంచండి. ప్రైమర్ పైవైపుకే వేసి ఊరుకుంటే అడుగు నుంచి చెమ్మ లాగి పలక వంగుతుంది. రెండు వైపులా, ముఖ్యంగా కోసిన అంచులకు వేయాలి. ఫ్రేముకు చెదల మందు కూడా అప్పుడే పట్టించండి, తర్వాత చేయి దూరదు.

ఇక లోహం లెక్క. హెచ్‌ఓ సైజులో (అసలు రైలులో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ.) ఫ్లెక్స్ ట్రాక్, అంటే కావలసినట్టు వంచుకోగల పట్టా, ఒక్కో ముక్క సుమారు 91 సెం.మీ. ఉంటుంది. వేడి 25 డిగ్రీలు పెరిగితే అది 0.4 మి.మీ. దాకా సాగుతుంది. ఇంతేనా అనిపిస్తుంది కానీ, పది ముక్కలు వరుసగా సోల్డర్ చేసేస్తే నాలుగు మిల్లీమీటర్లు. ఎటూ పోయే దారి లేక పట్టా పక్కకు ఉబ్బుతుంది. అందుకే చల్లటి రోజుల్లో వేస్తే అతుకు అతుకుకీ విజిటింగ్ కార్డు మందం సందు వదలండి. మండుటెండలో వేస్తే సందు అక్కర్లేదు, చలికి అదే తెరుచుకుంటుంది. తిన్నని దారిలో జాయినర్లను (రెండు పట్టా ముక్కల్ని కలిపే చిన్న లోహపు తొడుగులు) సోల్డర్ చేయకండి. కరెంటు కోసం ప్రతి ముక్కకూ విడిగా ఫీడర్ తీగ ఇవ్వండి. వంపులో పడే అతుకు మాత్రం దీనికి మినహాయింపు. అక్కడ రెండు ముక్కల్నీ తిన్నగా పెట్టి, ముందు సోల్డర్ చేసి, ఆ తర్వాతే వంచాలి. లేకపోతే అతుకు దగ్గర మూల తేలుతుంది, బండి పడేది అక్కడే.

పట్టాల కింద పరిచే కార్క్‌కు ఫెవికాల్ పల్చగా రాస్తే చాలు. దారి మధ్యగీత ముందే గీసుకుని, నిలువునా చీల్చిన కార్క్‌లో ఒక సగాన్ని గీతకు ఇటు, రెండోదాన్ని అటు అతికించి, పైన బరువు పెట్టండి. ఆరాక కళ్లు మూసుకుని వేలితో తడమండి. కంటికి కనపడని గడ్డ వేలికి దొరుకుతుంది. సాండ్‌పేపర్ అప్పుడే పట్టాలి. థర్మోకోల్ మీద పట్టాలు వేసేవాళ్లు రబ్బరు జిగురు జోలికి పోవద్దు, థర్మోకోల్ కరిగి గుంట పడుతుంది.

పట్టాలు కలిపేటప్పుడు తరచూ జరిగేదొకటుంది. ఒకవైపు పట్టా జాయినర్‌లోకి దూరకుండా దాని మీదికెక్కి కూర్చుంటుంది. పైనుంచి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. గోరుతో అతుకు మీద గీసి చూడండి, మెట్టు తగిలితే విప్పాల్సిందే. పాయింట్లలో (బండి ఒక దారి నుంచి ఇంకో దారికి మారే చోట్లు) కదిలే పట్టాల కింద జిగురు చుక్క కూడా పడకూడదు.

వంపు వ్యాసార్థం 45 సెం.మీ.కి తగ్గనివ్వకండి, పొడవు బోగీలైతే ఇంకా ఎక్కువ. దారి పైకి ఎక్కే చోట మీటరు పొడవుకు రెండు సెంటీమీటర్ల ఎత్తు చాలు.

పట్టా కోసే చిన్న డిస్కులు ఉన్నట్టుండి పగిలి ఎగురుతాయి, కళ్లజోడు లేకుండా మెషిన్ ఆన్ చేయొద్దు. సోల్డరింగ్ కిటికీ తెరిచి చేయండి. సీసం ఉన్న తీగ వాడితే చేతులు కడుక్కున్నాకే టీ తాగండి. ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి, అతుక్కి రెండు పక్కలా తడిపిన దూది పెట్టండి. పట్టాల్లో పారేది 12 వోల్టులే అయినా ట్రాన్స్‌ఫార్మర్ వెనక ఉన్నది 230. ఆ వైపు టేపు అతుకులు వద్దు.

కంకర పోసి జిగురు వేయడానికి మాత్రం ఎవరెంత తొందరపెట్టినా ఒప్పుకోకండి. ఒక ఎండాకాలం, కుదిరితే ఒక వానాకాలం బండి నడవనివ్వండి. మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడవైన బోగీని పాయింట్ల మీదుగా వెనక్కి తోసి చూస్తూ ఉండండి. పక్కకు జరిగిన పట్టాను కంకర లేనప్పుడు అరగంటలో సరిచేయొచ్చు, కంకర గట్టిపడ్డాక ఉలి పట్టుకోవాలి.