గేజీ ముల్లుని నమ్మే ముందు గాలిని పోనివ్వండి

జూట్ మిల్లులో బాయిలర్ దగ్గర ఇరవై ఆరేళ్లు పనిచేసినవాణ్ణి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చిపోయాక విజయనగరంలో మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్‌లో చేపలన్నీ పెరట్లో గొయ్యి తీసి పూడ్చాం. ఆ కంపు మరిచిపోలేక, మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేటప్పుడు ప్రెషర్ కేనర్ ఒకటి తెప్పించుకున్నాను. సీసాల్లో పెట్టిన చేపలు ఫ్రిజ్ లేకుండా నిలవుండేలా ఆవిరి ప్రెషరులో ఉడికించే పెద్ద పాత్ర అది.

"ఎన్ని విజిల్సు రానియ్యాలేటి?" అంది మా ఆవిడ.

ఇది విజిల్సు లెక్క కాదు. పప్పు ఉడికించే కుక్కరు దీనికి పనికిరాదు. చిన్నది కాబట్టి గబుక్కున వేడెక్కి గబుక్కున చల్లారిపోతుంది. అమెరికా వ్యవసాయశాఖ పరీక్షించి ఇచ్చిన టైములు పెద్ద పాత్ర మెల్లగా ఎక్కి, మెల్లగా దిగే వేడిని కూడా కలుపుకుని కట్టినవి.

ఇంత హంగామా బొట్యులినం అనే సూక్ష్మజీవి కోసం. దాని స్పోర్లు, అంటే గట్టి పెంకులో నిద్రపోయే విత్తనాల్లాంటివి, మరిగే నీళ్లకి చావవు. గాలి చొరని సీసాలో, పులుపు లేని పదార్థంలో మొలకెత్తి విషం కక్కుతాయి. వాసనా రంగూ మారకపోవచ్చు కూడా. ఆవకాయ సంగతి వేరు, దాన్ని పులుపూ ఉప్పూ కాచుకుంటాయి. చేపకీ మాంసానికీ చిక్కుళ్లకీ 116 డిగ్రీల వేడి తగలాలి.

నేను పెట్టేది కానాగంత చేపలు. సముద్రం ఒడ్డున ఉన్న చింతపల్లి వైపు నుంచి ఐసులో వచ్చినవే కొంటాను. తల, తోక, పేగులు తీసేసి, రక్తం పోయేదాకా కడిగి, సీసా ఎత్తుకి తగ్గట్టు ముక్కలు కోస్తాను. ముల్లు తీయక్కర్లేదు, మెత్తబడిపోతుంది. అర లీటరుకి కాస్త తక్కువ పట్టే పింటు సీసాలో పచ్చి ముక్కలే కూరి, చెంచాడు ఉప్పు వేసి, పైన అంగుళం ఖాళీ వదులుతాను. నీళ్లు పోయను. అంచుకి జిడ్డు లేకుండా తుడిచి, కొత్త మూత పెట్టి, దాన్ని పట్టి ఉంచే మరల రింగు వేళ్లతో బిగించినంతే. మూత రెండోసారి వాడొద్దు.

చేపల పులుసే పెట్టెయ్యొచ్చు కదా అంటారు. ఆ వ్యవసాయశాఖ పట్టికలో పులుసుకి టైము లేదు. చింతపండు పోశాం కదా అనుకోకండి, ముక్క లోపలికి పులుపు ఎంత దిగిందో మీరూ నేనూ చెప్పలేం.

ఇక అసలు సంగతి. కేనర్ మూత బిగించగానే వెయిట్ పెట్టకండి. మొదటిసారి నేనే ఆ తప్పు చేశాను, బాయిలర్ మనిషినై ఉండి! గేజీ ముల్లు చక్కగా చదరపు అంగుళానికి పదకొండు పౌన్ల ప్రెషరు చూపించింది. కానీ లోపల ఆవిరితో పాటు గాలీ ఉండిపోయింది. ముల్లు చూపేది ప్రెషరు, చంపేది వేడి. గాలి కలిసిన ఆవిరికి అదే ప్రెషరు దగ్గర వేడి తక్కువ. రాత్రి పడుకున్నాక అది గుర్తొచ్చి లేచి కూర్చున్నాను. పొద్దున్నే ఎనిమిది సీసాలూ పారేశాం. అందుకే ముందు అడుగున మూడంగుళాల నీళ్లు పోసి, పెద్ద మంట మీద పెట్టి, రంధ్రంలోంచి ఆవిరి తెల్లటి దారంలా ఆగకుండా కొట్టేదాకా చూడాలి. అక్కణ్ణుంచి గడియారం పెట్టి పది నిమిషాలు వదిలెయ్యాలి. ఆ తర్వాతే వెయిట్.

మనది సముద్రమట్టానికి దగ్గర ఊరు కాబట్టి ముల్లు గేజీ ఉన్న కేనర్‌కి 11 పౌన్లు, ముల్లు లేకుండా వెయిటే ప్రెషరు నిలిపే రకానికి 10. వెయ్యి అడుగులు దాటిన కొండ ఊరైతే వెయిట్ 15ది వాడాలి. కానాగంతలకి 100 నిమిషాలు. మధ్యలో ప్రెషరు కిందికి జారితే, 90 నిమిషాలు అయిపోయినా సరే, మళ్లీ ఒకటి నుంచి లెక్క. గ్యాసు సిలిండరు నిండుగా ఉన్న రోజునే మొదలుపెట్టండి.

దింపాక నీళ్లు చల్లకూడదు, వెయిట్ లేపకూడదు. ముల్లు సున్నాకి వచ్చాక వెయిట్ తీసి, ఇంకో పది నిమిషాలాగి, ఆవిరి ముఖానికి కొట్టకుండా మూత అవతలి వైపుకి ఎత్తాలి. సీసాల్ని తువ్వాలు మీద పెట్టి, ఫ్యాను కట్టేసి, మర్నాటిదాకా ముట్టుకోకండి. తర్వాత మూత మధ్యలో నొక్కండి. టిక్కుమంటే సీలు పడలేదు. దాన్ని అప్పుడే ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తినెయ్యాలి. మిగతావాటికి రింగు తీసి, తారీఖు రాసి, చీకటి అలమరలో ఏడాది. మూత ఉబ్బినా, తెరిస్తే చిమ్మినా రుచి చూడొద్దు, పారేయడమే.

ఒక్కోసారి ముక్కల మధ్య గాజుపెంకుల్లాంటి పలుకులు కనిపిస్తాయి. చేపలోని ఖనిజాలే అలా గడ్డకడతాయి, వేడిచేస్తే మామూలుగా కరిగిపోతాయి. ఇది తెలియక మా ఆవిడ సీసా పగిలిందని పెంట మీద పారబోయబోతుంటే పరిగెత్తుకెళ్లి లాక్కున్నాను.