మాథ్స్‌లో పెన్ను ఎక్కడ ఆగింది? పేపర్ల ఎంపిక, టైమ్‌టేబుల్: సమస్య - పరిష్కారం

ఇంజినీరింగ్, డిగ్రీ పిల్లలకు చాలా ఏళ్లుగా మాథ్స్ చెబుతున్నాను. సెమిస్టర్ మొదలైన రెండు వారాల్లో స్టాఫ్‌రూమ్‌కి వచ్చేవాళ్లు ఎక్కువగా అనే మాట ఒకటే: "మాథ్స్ నాకు రాదు మేడమ్." కూర్చోబెట్టి నాలుగు లెక్కలు చేయిస్తే తేలేది వేరు. మాథ్స్ రాకపోవడం కాదు, వరస తప్పడం. ముందు రావాల్సింది రాకుండానే తర్వాతది మీద పడింది. లేదా ఒకే సెమిస్టర్‌లో మోయలేనంత నెత్తికెత్తుకున్నారు. లేదా తమకు పనికొచ్చే పేపర్ వదిలేసి పక్కవాళ్లు తీసుకున్నది తీసుకున్నారు. కింద రాసినవన్నీ అలా నా దగ్గరికి వచ్చినవే. మీ సమస్య ఏదో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లండి.

"ఎమ్-2 (మాథ్స్-2) మూడోసారి కూడా పోయింది"

సమస్య: ఒకే సబ్జెక్ట్‌లో సప్లీ (ఫెయిలైన పేపర్ మళ్లీ రాయడం) మీద సప్లీ. ప్రతిసారీ ఆల్-ఇన్-వన్ గైడ్ ముందేసుకుని అవే ఇంపార్టెంట్ క్వశ్చన్లు చదువుతారు. హాల్లో మొదటి రెండు లైన్లు గబగబా వస్తాయి, ఆ తర్వాత కదలదు.

కారణం: నూటికి తొంభై కేసుల్లో లోపం ఆ పేపర్‌లో ఉండదు అని నా అనుభవం. దాని కింద మెట్టులో ఉంటుంది.

నిరుడు ఈసీఈ సెకండియర్ అబ్బాయి ఒకడు ఇలాగే వచ్చాడు. లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్‌ల టేబుల్ మొత్తం నోటికొచ్చు. సరే అని ఒక చిన్న లెక్క ఇచ్చాను: "1 బై ఎస్ స్క్వేర్ ప్లస్ 3ఎస్ ప్లస్ 2, దీని ఇన్వర్స్ చెయ్యి నాన్నా." కింద ఉన్నదాన్ని ఎస్ ప్లస్ 1, ఎస్ ప్లస్ 2 అని చక్కగా విడగొట్టాడు. తర్వాత పెన్ను కాసేపు గాల్లో ఆగింది. చివరికి రెండింటి ఇన్వర్స్‌లూ విడివిడిగా రాసి, గుణించేశాడు. అక్కడ దొరికింది జబ్బు. ఆ భిన్నాన్ని "1 బై ఎస్ ప్లస్ 1, మైనస్ 1 బై ఎస్ ప్లస్ 2" అని విడదీస్తే, టేబుల్ చూసి ఒక్క లైన్‌లో జవాబు రాసేయొచ్చు: ఇ పవర్ మైనస్ టీ, మైనస్ ఇ పవర్ మైనస్ 2టీ. అది లాప్లాస్ పాఠం కాదు, ఇంటర్ 2ఎ పుస్తకంలో పాక్షిక భిన్నాలు. చిన్న అధ్యాయం కదా అని ఇంటర్‌లో వదిలేశాడట. ఆ వదిలేసిన చిన్న అధ్యాయమే మూడు సప్లీల ఫీజు కట్టించింది.

పరిష్కారం: పాత ప్రశ్నపత్రం ఒకటి తీసుకుని యూనిట్‌కు ఒక లెక్క చొప్పున చేయండి. టైమ్ పెట్టుకోవద్దు, పక్కన గైడ్ పెట్టుకోవద్దు. పెన్ను ఆగిన చోట గుండ్రంగా చుట్టండి. ఆ అడుగు ఏ పుస్తకంలో నేర్పారో వెతికి అక్కడికి వెళ్లండి. నా దగ్గర ఎక్కువగా కనిపించేవి ఇవి. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో ఆగితే అసలు ఆగింది ఇంటిగ్రేషన్ బై పార్ట్స్‌లో. ఐగెన్ విలువల దగ్గర ఆగితే డిటర్మినెంట్ విస్తరణలోనో, మూడో ఘాత సమీకరణం మూలాలు కనుక్కోవడంలోనో. మొదటిది 1ఎలో ఉంది, రెండోది 2ఎలో. డబుల్ ఇంటిగ్రల్‌లో లిమిట్స్ తప్పుతుంటే ఇంటిగ్రేషన్ బాగానే వచ్చి ఉండొచ్చు, వృత్తం, పరావలయం బొమ్మ గీయడం రాదన్నమాట. ప్రాబబిలిటీలో తడబడేవాళ్లకు చాలాసార్లు ప్రస్తారాలు, సంయోగాలే సరిగా రావు.

ఇంటర్ పుస్తకం మళ్లీ తెరవడానికి సిగ్గుపడేవాళ్లను చాలామందిని చూశాను. సిగ్గుపడకండి. ఆ అబ్బాయికి రోజుకు గంట చొప్పున పది రోజులు పట్టింది. నాలుగోసారి పేపర్ పాసయ్యాడు.

సప్లీలు రెండు మూడు ఉంటే ఏది ముందు? తేలికైనది కాదు, తర్వాతి సబ్జెక్టులు దేనిమీద నిలబడి ఉన్నాయో అది. ఎమ్-1లో మాట్రిక్సులు, కాల్క్యులస్ ఉంటే ముందు ఎమ్-1 కానివ్వండి.

"ఈ సెమిస్టర్ ఊపిరాడడం లేదు"

సమస్య: ఒక్క సబ్జెక్టూ కష్టమని చెప్పలేరు, కానీ అన్నిట్లోనూ మార్కులు పడిపోతున్నాయి. మిడ్ దగ్గరపడితే నిద్ర ఉండదు, టెన్షన్.

కారణం: క్రెడిట్లు లెక్కేశారు, బరువు లెక్కేయలేదు. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) నమూనా ప్రకారం బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కు సగటున 20. కానీ మూడు క్రెడిట్ల మేనేజ్‌మెంట్ పేపర్, మూడు క్రెడిట్ల ప్రాబబిలిటీ పేపర్ ఒకటి కాదు. మొదటిది చదివితే వస్తుంది. రెండోది రోజూ చేత్తో రాస్తేనే వస్తుంది. నేను వీటిని చదువు పేపర్లు, రాత పేపర్లు అని రెండు రకాలుగా విడదీస్తాను.

సీఎస్ఈ థర్డ్ ఇయర్ అమ్మాయి ఒకామె చేత ఆ సెమిస్టర్ పనులన్నీ కాగితం మీద రాయించాను. అల్గారిథమ్స్. ఆటోమాటా. ఎమ్-3 సప్లీ. డేటా సైన్స్ మైనర్‌లో ఒక పేపర్. వీటికి తోడు ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు) 12 వారాల లీనియర్ ఆల్జీబ్రా. ఐదూ రాత పేపర్లే! "మీ ఫ్రెండ్స్ ఎంతమంది ఇన్ని చేస్తున్నారమ్మా?" అంటే, లెక్క పెట్టుకుని, "ఎవరూ లేరు మేడమ్" అంది.

పరిష్కారం: సప్లీతో కలిపి రాత పేపర్లు ఒకేసారి మూడు దాటనివ్వకండి. సప్లీని ఖాళీ దొరికినప్పుడు చూద్దాం అనుకోవద్దు, దాన్నీ పూర్తి సబ్జెక్ట్‌గానే లెక్కేయండి. బీటెక్‌లో టైమ్‌టేబుల్ కాలేజీదే, మార్చలేం. కానీ దానిమీద మనం పేర్చుకునేవి మన చేతిలో ఉంటాయి. ఆమె ఎన్‌పీటీఈఎల్ కోర్సును జనవరికి జరుపుకుంది, మైనర్ మానేసింది. మైనర్, ఆనర్స్ అంటే అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు, దాదాపు ఇంకో సెమిస్టర్. సప్లీ ఉండగా దాని జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

వారంలో వేళ కూడా ముఖ్యమే. ఆదివారం ఆరు గంటలు కూర్చునే కన్నా, మాథ్స్ క్లాస్ అయిన రోజే, రాత్రి భోజనానికి ముందు ఒక గంట. క్లాసులో సార్ చేసిన లెక్కనే నోట్స్ మూసి మళ్లీ చేయండి. లేదంటే పక్కరోజుకు అందులో సగం జారిపోతుంది.

"ఎన్‌పీటీఈఎల్‌లో చేరాను, మధ్యలో ఆగిపోయాను"

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: చేరేముందు క్యాలెండర్ చూడరు. కోర్సులు జనవరి, జూలై విడతల్లో నడుస్తాయి; 4, 8, 12 వారాలవి ఉంటాయి. 12 వారాల కోర్సులో ఉత్తమమైన 8 అసైన్‌మెంట్ల సగటుకు 25 మార్కులు, పరీక్షకు 75. సర్టిఫికెట్ రావాలంటే మొదటిదాంట్లో 10, రెండోదాంట్లో 30 విడివిడిగా రావాలి. పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయాలి. ఆ తేదీ సెమిస్టర్ పరీక్షల మధ్యలో పడుతుందా అన్నది మొదటిరోజే చూడండి. మాథ్స్ కోర్సు మొదటిసారి తీసుకునేవాళ్లు 8 వారాలదానితో మొదలుపెట్టండి. క్రెడిట్లు కాలేజీ తీసుకుంటుందో లేదో చేరాక కాదు, ముందే రాతపూర్వకంగా అడగండి.

"లేటరల్ ఎంట్రీ. క్లాసులో అందరికీ తెలిసింది నాకు తెలియదు"

ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లో చేరిన పాలిటెక్నిక్ పిల్లలది ఇది. వీళ్ల తప్పేమీ లేదు. మిగతావాళ్లు ఫస్టియర్ రెండు సెమిస్టర్లలో చదివిన మాథ్స్ వీళ్లకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. మాట్రిక్స్ ర్యాంకు, ఐగెన్ విలువలు, పాక్షిక అవకలనాలు అన్న మాటలు ఫస్టియర్ అయిపోయింది కదా అన్న ధీమాతో లెక్చరర్ అనేస్తారు. సీటు వచ్చిన రోజే సీనియర్ల దగ్గర ఫస్టియర్ నోట్స్ తీసుకోండి. మొత్తం చదవక్కర్లేదు, లీనియర్ ఆల్జీబ్రా యూనిట్ రెండు వారాలు, పాక్షిక అవకలనాలు ఒక వారం. క్లాసులు అప్పటికే మొదలైతే లెక్చరర్‌కు మీరు లేటరల్ అని చెప్పండి. చెబితే మాకు తెలుస్తుంది, బోర్డు మీద ఒక లైన్ ఎక్కువ రాస్తాం.

"ఎలెక్టివ్ ఏది తీసుకోను?"

సమస్య: ఓపెన్ ఎలెక్టివ్ ఫారం ఇవాళ సాయంత్రం లోపు ఇవ్వాలి, అప్పుడు పరుగెత్తుకొస్తారు. "ఏది ఈజీ మేడమ్?"

కారణం: ప్రశ్నే తప్పు. ఈజీ అన్నది ఆ ఏడాది పేపర్ దిద్దేవాళ్లను బట్టి మారిపోతుంది. రెండేళ్ల తర్వాత మీరు ఏ బల్ల ముందు కూర్చుంటారన్నది అడగాలి.

పరిష్కారం: మెషిన్ లెర్నింగ్ వైపు అయితే లీనియర్ ఆల్జీబ్రా, ఆ తర్వాత ప్రాబబిలిటీ, ఆ తర్వాత ఆప్టిమైజేషన్. ఈ వరస తిప్పకండి. చాలామంది మెషిన్ లెర్నింగ్ ఎలెక్టివ్ ముందు తీసుకుని, గ్రేడియెంట్ అన్న మాట దగ్గర ఇరుక్కుని, అప్పుడు వెనక్కి వస్తారు. సైబర్ సెక్యూరిటీ, క్రిప్టోగ్రఫీ అయితే నంబర్ థియరీ, డిస్క్రీట్ మాథ్స్. కమ్యూనికేషన్స్, సిగ్నల్స్ అయితే కాంప్లెక్స్ వేరియబుల్స్, రాండమ్ ప్రాసెసెస్. సివిల్, మెకానికల్ వాళ్లు న్యూమరికల్ మెథడ్స్ వదలొద్దు.

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2023-24లో సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్ట్) పద్ధతి వచ్చాక మైనర్ ఎంపిక కూడా పిల్లల మీద పడింది. మాథ్స్ మేజర్ అయితే స్టాటిస్టిక్స్ గానీ కంప్యూటర్ సైన్స్ గానీ నేను చెబుతాను. స్టాటిస్టిక్స్ మేజర్‌లో ఉండి "మాథ్స్ ఎందుకు మేడమ్, ఫార్ములాలు చాలవా?" అనేవాళ్లకు సి.ఆర్.రావు గారి సంగతి చెబుతాను. ఆయన విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మాథ్స్ ఎంఏ చేశాకే కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్ పట్టుకున్నారు. క్రామర్-రావు ఇనీక్వాలిటీ అని మీరు చదివే ఆ రావు ఆయనే. దాని నిరూపణ తెరిచి చూడండి, అందులో ఉన్నది కాల్క్యులస్, కోషీ-ష్వార్జ్.

"ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్) మాథ్స్ బాగా చేశాను, రియల్ అనాలిసిస్‌లో ఫెయిలయ్యాను"

బీఎస్సీలో ఈ దెబ్బ తెలివైన పిల్లలకే గట్టిగా తగులుతుంది. కారణం: అడిగే తీరు మారింది. ఇంతవరకు జవాబు ఎంత అని అడిగారు, ఇప్పుడు ఎందుకు అని అడుగుతున్నారు. 1 బై ఎన్ సున్నాకు చేరుతుందని అందరికీ కనిపిస్తుంది. "నేను 0.01 దగ్గరి దూరం ఇస్తే?" అంటే, 100వ పదం దాటాక అన్నీ ఆ లోపలే ఉంటాయి అని చెప్పాలి. 0.001 అంటే 1000 దాటాక. నేను ఎంత చిన్న దూరం (దాని పేరే ఎప్సిలాన్) ఇచ్చినా మీ దగ్గర ఒక ఎన్ సిద్ధంగా ఉండాలి. ఎప్సిలాన్ అంటే ఇంతే, కానీ ఇది రాసే అలవాటు షార్ట్‌కట్లతో రాదు.

వీలుంటే రియల్ అనాలిసిస్, గ్రూప్ థియరీ మొదటిసారి ఒకే సెమిస్టర్‌లో తీసుకోవద్దు. రెండూ నిరూపణల పేపర్లే. తప్పనిసరి అయితే రోజుకు ఒక్క సిద్ధాంతం, పుస్తకం మూసి సొంత మాటల్లో తెలుగులోనైనా సరే రాయండి. లైన్ పక్కన "ఇది ఎందుకు?" అని మీరే రాసుకోండి. వేసవిలో ఎంటీటీఎస్ (మాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) శిబిరానికి దరఖాస్తు చేయండి. నిరూపణ అంటే ఏమిటో పిల్లలతోనే మాట్లాడించి నేర్పే శిక్షణ అది.

"ఫైనలియర్‌లో గేట్, జామ్ మొదలుపెట్టాను, సరిపోలేదు"

వెనక్కి లెక్కేయాలి. ఈ రెండు పీజీ ప్రవేశ పరీక్షలూ ఫిబ్రవరిలో. గేట్ థర్డ్ ఇయర్‌లోనే రాయొచ్చు, ఆ సంగతి చాలామందికి తెలియదు. 2024 నుంచి గేట్‌లో డేటా సైన్స్, ఏఐ పేపర్ కూడా ఉంది. అందులో ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, కాల్క్యులస్, ఆప్టిమైజేషన్‌కు గట్టి వాటా. కాబట్టి ఇవి సెకండియర్‌లో క్లాసులో వస్తున్నప్పుడే గేట్ పాత ప్రశ్నలు పక్కన పెట్టుకుని చదవండి. ఒకే చదువు రెండు పరీక్షలకు పనికొస్తుంది. జామ్‌కు వెళ్లే బీఎస్సీ పిల్లలు మూడో ఏడు మొదలయ్యే జూన్ నాటికి లీనియర్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్ ఒకసారి పూర్తిచేసి ఉండాలి.

"అమెరికా యూనివర్సిటీ వాళ్లు లీనియర్ ఆల్జీబ్రా చదివావా అని అడిగారు"

చదివారు, కానీ మార్కుల మెమోలో "మాథమెటిక్స్-1" అని మాత్రమే ఉంటుంది. చూసేవాళ్లకు అందులో ఏముందో తెలియదు. మీ బ్యాచ్‌కు వర్తించే రెగ్యులేషన్ (యూనివర్సిటీ సిలబస్, నిబంధనల సెట్), ఆర్18 అయినా ఆర్22 అయినా ఆర్23 అయినా, దాని సిలబస్ పీడీఎఫ్ ఇప్పుడే దాచుకోండి. రెగ్యులేషన్ మారితే పాతది వెతకడం కష్టం. ఏ యూనిట్‌లో ఏ అంశం చదివారో ఒక పేజీ పట్టిక తయారుచేసి, డిపార్ట్‌మెంట్ సంతకం, సీల్ వేయించుకోండి. కాలేజీలో ఉండగా అది పావుగంట పని.