నమ్మకం లేని కంప్యూటర్‌లో స్మార్ట్ కార్డు పెట్టాల్సి వస్తే

స్మార్ట్ కార్డులోని ప్రైవేట్ కీ, అంటే లాగిన్‌కీ సంతకానికీ వాడే రహస్య కోడ్, బయటికి రాదు, నిజమే. కానీ దొంగకు కీ చేతికి రానక్కర్లేదు, దానితో పని జరిగితే చాలు. మాల్‌వేర్ ఉన్న కంప్యూటర్‌లో కీబోర్డు మీద కొట్టిన పిన్ దాని చేతికి చిక్కుతుంది. ఇక కార్డు రీడర్‌లో ఉన్నంతసేపూ అది మీ పేరుతో లాగిన్ కాగలదు. సైకిపాట్ అనే మాల్‌వేర్‌లో 2012లో బయటపడిన ఒక రకం అమెరికా రక్షణ శాఖ కార్డుల మీద వేసిన ఎత్తు ఇదే.

బయల్దేరే ముందే, సొంత కంప్యూటర్‌లో పిన్‌లు మార్చుకోండి. ఓపెన్‌పీజీపీ (సంతకాలకూ ఎన్‌క్రిప్షన్‌కూ వాడే ఒక ప్రమాణం) కార్డులకు మామూలుగా యూజర్ పిన్ 123456, అడ్మిన్ పిన్ 12345678 అని వస్తాయి. చాలామంది మొదటిది మార్చి రెండోది వదిలేస్తారు. అడ్మిన్ పిన్ తెలిసినవాడు యూజర్ పిన్‌ను తిరగరాయగలడు, కాబట్టి దాన్ని పరాయి మెషీన్‌లో ఎప్పుడూ కొట్టకండి. సాధారణంగా మూడు తప్పులకు పిన్ లాక్ అవుతుంది. మాల్‌వేర్ కావాలనే లాక్ చేయొచ్చు కూడా, అందుకే ఇంకో కార్డును ముందే రిజిస్టర్ చేసి ఇంట్లో ఉంచండి.

మీటలున్న రీడర్ కొనుక్కోవడం మంచిది; పిన్ కంప్యూటర్‌కి తెలియకుండా నేరుగా కార్డుకి చేరుతుంది. అయితే డ్రైవర్ సరిగ్గా లేకపోతే పిన్ అడిగే విండో స్క్రీన్ మీదే వస్తుంది. అలా వస్తే కొట్టకండి, కార్డు తీసేయండి.

పిన్ దాచినంత మాత్రాన సరిపోదు. ఓపెన్‌పీజీపీలో ఫోర్స్‌సిగ్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ప్రతి సంతకానికీ పిన్ అడుగుతుంది, కానీ అది సంతకం కీకే వర్తిస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కి వాడే కీ ఒకసారి పిన్ ఇచ్చాక కార్డు తీసేదాకా తెరిచే ఉంటుంది. దీనికి మందు, యూఎస్‌బీ రూపంలో వచ్చే కొన్ని కార్డుల్లో ఉండే టచ్ పాలసీ: వేలు తగిలితేనే కీ పనిచేస్తుంది. మీరేమీ చేయకుండానే లైటు మిణుకుమంటే ముట్టుకోకుండా పీకేయండి.

డాక్యుమెంట్ల మీద సంతకం మాత్రం అక్కడ వద్దు. స్క్రీన్ మీద ఒక ఫైలు చూపించి మాల్‌వేర్ కార్డుకి ఇంకోదాని హ్యాష్ (ఫైలు నుంచి లెక్కగట్టిన చిన్న గుర్తు; కార్డు సంతకం చేసేది దీని మీదే) పంపొచ్చు. కార్డుకి స్క్రీన్ లేదు గనక తేడా కనిపెట్టే దారే లేదు.

పని కాగానే ముందు లాగవుట్ అవ్వండి, తర్వాత కార్డు తీయండి. కార్డు తీసినంత మాత్రాన చాలా వెబ్‌సైట్లలో సెషన్ ముగియదు. ఇంటికొచ్చాక సొంత మెషీన్ నుంచి పాత సెషన్లన్నీ రద్దు చేసి, పిన్ మార్చేయండి.