మరమ్మతు చేసిన టర్బో నుంచి ఆయిల్ కారుతుంటే: కోర్ మళ్ళీ విప్పే ముందు చూడవలసినవి

డీజిల్ కారు టర్బోకు కొత్త కోర్ (షాఫ్టు, బుష్‌లు, రింగులు ఉండే మధ్య భాగం) వేయించిన తరువాత, లేదా పాత కోర్‌కే బుష్‌లు, రింగులు మార్పించిన తరువాత వారం తిరగకముందే సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తే, ఎవరికైనా ముందు అనుమానం కలిగేది మరమ్మతు చేసిన చేతి మీదనే. ఆ అనుమానం కొన్నిసార్లు నిజమవుతుంది. అయితే నేను చూసిన బండ్లలో ఎక్కువ వాటికి లోపం టర్బో లోపల లేదు. ఆయిల్ తిరిగి సంపులోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) దిగే దారిలోనో, ఇంజిన్ లోపలి ఒత్తిడిలోనో, గాలి పైపులలోనో ఉంది. ఆ లోపం అలాగే ఉండగా కోర్‌ను ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఒకటే. స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టా వంటి కార్లలో వచ్చిన 1248 సీసీ ఫియట్ డీజిల్ ఇంజిన్ బండ్లు మన రోడ్ల మీద ఇంకా చాలానే తిరుగుతున్నాయి. వాటినే మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను కానీ, బుష్‌ల మీద తిరిగే ఏ టర్బోకైనా ఇందులోని పద్ధతి వర్తిస్తుంది.

ముందుగా సీల్ గురించి

టర్బో షాఫ్టుకు రెండు చివరలా ఉండేవి క్రాంక్ షాఫ్టుకు వేసే రబ్బరు సీళ్ళ వంటివి కావు. నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరిగే షాఫ్టు మీద, అందులోనూ అంత వేడిలో, రబ్బరు అంచు నిలవదు. అక్కడ ఉండేది పిస్టన్ రింగును పోలిన సన్నని లోహపు రింగు. అది తన బిగువుతో హౌసింగ్ బోరును పట్టుకుని కదలకుండా ఉంటే, షాఫ్టు మీది గాడి దాని లోపల తిరుగుతుంది. రింగు రెండు కొనల మధ్య సందు ఉంటుంది కాబట్టి, నిండి ఉన్న ఆయిల్‌ను ఆపే శక్తి దానికి లేదు. ఆయిల్ బయటికి రాకుండా ఆపేవి వేరే రెండు ఉన్నాయి. మొదటిది, బుష్‌ల నుంచి చిమ్మిన ఆయిల్ నురగలాగా మారి, వెంటనే తన బరువుతో కిందికి జారిపోవడం. రెండవది, షాఫ్టు చివరల ఉండే రెండు వీల్‌ల (గాలి వైపు కంప్రెసర్ వీల్, పొగ వైపు టర్బైన్ వీల్) వెనుక ఉండే గాలి, పొగల ఒత్తిడి కోర్ లోపలి ఒత్తిడి కంటే ఎక్కువగా ఉండడం. ఈ రెండింటిలో ఏది చెడినా, నిన్ననే వేసిన నిఖార్సైన రింగు పక్క నుంచి కూడా ఆయిల్ దాటిపోతుంది.

మరమ్మతు దుకాణాలలో కొందరు కోర్ ఆయిల్ రంధ్రంలోకి దుకాణంలోని ఎయిర్ కంప్రెసర్‌తో గాలి కొట్టి, వీల్‌ల పక్క నుంచి గాలి వస్తే సీల్ పోయిందని చెబుతారు. ఈ పరీక్షకు అర్థం లేదు. మంచి టర్బో కూడా అలా కొడితే గాలి వదులుతుంది, ఆయిల్ పోసి నిలబెడితే కారుతుంది.

ఎక్కడ తడిగా ఉందో తేల్చుకోవాలి

టర్బో చుట్టూ పాత జిడ్డు ఉండగా చేసే పరిశీలన అంతా ఊహే అవుతుంది. బ్రేక్ క్లీనర్‌తో బయటి భాగాలన్నీ కడిగి, ఆరనిచ్చి, టర్బోకు ఆయిల్ తెచ్చే ఫీడ్ పైపు, ఆయిల్ తిరిగి దిగే రిటర్న్ పైపు, హౌసింగ్ అతుకుల మీద టాల్కం పొడి పలుచగా చల్లి, ఇంజిన్‌ను పది నిమిషాలు నడిపితే తడి మొదలైన చోటు స్పష్టంగా కనిపిస్తుంది. కడిగిన ద్రవం పూర్తిగా ఆవిరి కాకముందు, వేడి ఎగ్జాస్ట్ దగ్గర ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు.

ఫీడ్ పైపు బోల్టు దగ్గర తడి ఉంటే రాగి వాచర్లు రెండూ కొత్తవి వేయాలి. ఒకసారి నలిగిన వాచరును తిప్పి వేయడం వల్ల ఉపయోగం ఉండదు. కంప్రెసర్ హౌసింగ్‌కూ కోర్‌కూ మధ్య నుంచి ఆయిల్ వస్తుంటే అక్కడి ఓ-రింగును (రబ్బరు వలయాన్ని) మాత్రమే నిందించరాదు. ఆ చోట సహజంగా గాలి తప్ప ఆయిల్ ఉండదు కాబట్టి, ఆయిల్ కనిపించిందంటే గాలి వైపు ముందే ఆయిల్ చేరిందని అర్థం చేసుకుని, కింద చెప్పబోయే పరీక్ష చేయాలి.

గాలి పైపులలో ఆయిల్

ఇంటర్‌కూలర్ (టర్బో పంపిన గాలిని చల్లబరిచే భాగం) పైపు విప్పినప్పుడు లోపల పలుచని జిడ్డు పొర ఉండడం లోపం కాదు. ఇంజిన్ బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే దారి) నుంచి వచ్చే ఆవిరి టర్బో ముందున్న పైపులోనే కలుస్తుంది. దానిలోని ఆయిల్ తుంపరే ఆ జిడ్డు. పైపు వంచితే ఆయిల్ ధారగా కారినప్పుడే ఆలోచించాలి.

అప్పుడు చేయవలసిన మొదటి పని టర్బో ముందున్న పైపును విప్పి చూడడం. కంప్రెసర్ వీల్ ముందు భాగం కూడా తడిగా ఉంటే ఆయిల్ బ్రీదర్ దారిన వస్తోంది. ముందు భాగం పొడిగా ఉండి, వీల్ వెనుక, బయటికి వెళ్ళే పైపులో మాత్రమే తడి ఉంటే అది కోర్ నుంచి వస్తోంది. సందేహం మిగిలితే బ్రీదర్ పైపును తాత్కాలికంగా ఒక సీసాలోకి మళ్ళించి, టర్బో ముందు పైపులో అది కలిసే రంధ్రాన్ని మూసి, కొంత దూరం నడిపితే ఎటు నుంచో తేలిపోతుంది. సీసా మూత బిగించకూడదు, గాలి బయటికి పోవాలి.

కోర్ నుంచే అని తేలినా, రింగు దాకా వెళ్ళే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి. ఫిల్టర్ మూసుకుపోతే కంప్రెసర్ వీల్ వెనుక గాలి పీడనం పడిపోయి, కోర్ లోపలి ఆయిల్‌ను అటు లాగుతుంది. తాండూరు, చీమకుర్తి వంటి రాతి గనుల దారుల్లో తిరిగే బండ్లకు కంపెనీ చెప్పిన కిలోమీటర్ల దాకా ఆగితే ఫిల్టర్ పనికిరాకుండా పోతుంది. అదే విధంగా ఇంటర్‌కూలర్ పైపు పగిలి గాలి బయటికి పోతుంటే, బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) తగ్గి, టర్బో అవసరానికి మించిన వేగంతో తిరిగి ఆయిల్‌ను వదులుతుంది. ఏసీ వేసుకుని గంటల తరబడి ఐడిల్‌లో నిలిపి ఉంచే టాక్సీలలో ఆ సమయంలో బూస్ట్ దాదాపు ఉండదు కనుక కొద్దిగా ఆయిల్ చేరడం మామూలే.

రిటర్న్ పైపు

మొత్తం సమస్యలో నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే, పెట్టమని చెప్పేదీ ఇక్కడే. ఆయిల్ పంపు టర్బోకు ఒత్తిడితో ఆయిల్ పంపుతుంది కానీ, తిరుగు ప్రయాణంలో ఆ ఒత్తిడి ఏమీ మిగలదు. నురగతో నిండి, పరిమాణం పెరిగిన ఆ ఆయిల్ పూర్తిగా వాలు మీద ఆధారపడి దిగాలి. అందుకే రిటర్న్ పైపు ఫీడ్ పైపు కంటే ఎంతో లావుగా ఉంటుంది.

ఒక డిజైర్‌కు ఇద్దరు మెకానిక్‌ల దగ్గర రెండు కోర్‌లు మార్చిన తరువాత కూడా పొగ ఆగలేదు. రిటర్న్ పైపు విప్పి చూస్తే, ఫ్లాంజి (పైపును బోల్టులతో బిగించే అంచు) దగ్గర గ్యాస్కెట్‌కు బదులు పూసిన సిలికాన్ పేస్ట్ లోపలికి పొంగి, గట్టిపడి, రంధ్రంలో సగానికి పైగా మూసేసింది. పేస్ట్ గీకేసి, అసలు గ్యాస్కెట్ వేసి, అదే రెండవ కోర్‌ను తిరిగి బిగిస్తే బండి బాగుపడింది. రిటర్న్ ఫ్లాంజికి సీలెంట్ పేస్ట్ వాడనే కూడదు.

రబ్బరు గొట్టం బయటికి బాగానే కనిపిస్తూ లోపలి పొర ఉబ్బి ఊడి ఉండవచ్చు. గొట్టాన్ని తీసి, ఒక కొన నుంచి వెలుతురు చూడాలి. లోహపు పైపు అయితే గట్టిపడిన మసిని పూర్తిగా తీయాలి, తీయడం సాధ్యం కాకపోతే కొత్తది వేయాలి. పైపులో ఎక్కడా కిందికి వంగి మళ్ళీ పైకి లేచే మలుపు ఉండకూడదు.

మరమ్మతు చేసిన టర్బోలలో మాత్రమే కనిపించే లోపం ఒకటి ఉంది. విప్పేటప్పుడు గుర్తులు పెట్టకపోతే, కోర్‌ను ఎగ్జాస్ట్ హౌసింగ్‌లో కొంచెం తిప్పి బిగించే ప్రమాదం ఉంటుంది. అప్పుడు ఆయిల్ దిగే రంధ్రం నేరుగా కిందికి కాక పక్కకు చూస్తుంది. నిలువు నుంచి 35 డిగ్రీలకు మించి వాలితే ఆయిల్ లోపలే నిలిచి రింగులను ముంచుతుంది. దీనికి బోల్టులు వదులు చేసి కోర్‌ను సరిగ్గా తిప్పి బిగిస్తే చాలు.

సంపులో ఆయిల్ మట్టం కూడా ఇక్కడే చూడాలి. రిటర్న్ పైపు సంపులో కలిసే చోటు ఆయిల్ మట్టానికి పైన ఉండాలి. అర లీటరు ఎక్కువ పోస్తే మంచిదే అనుకోవడం టర్బోకు చెడు చేస్తుంది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్ 6 డీజిల్ బండ్లలో ఆ ఫిల్టర్ శుభ్రపడే ప్రక్రియ మధ్యలో తరచు ఆగిపోతే, డీజిల్ ఆయిల్‌లో కలిసి ఎవరూ పోయకుండానే మట్టం పెరుగుతుంది. డిప్‌స్టిక్‌కు డీజిల్ వాసన వస్తుంటే ఆయిల్ మార్చి, ఆ ప్రక్రియ ఎందుకు పూర్తి కావడం లేదో కనుక్కోవాలి.

ఇంజిన్ లోపలి ఒత్తిడి

రిటర్న్ దారి శుభ్రంగా ఉన్నా రెండు వైపులా ఆయిల్ వస్తుంటే క్రాంక్‌కేస్‌లో (క్రాంక్ షాఫ్టు తిరిగే ఇంజిన్ కింది గదిలో) ఒత్తిడి పెరిగిందని అనుమానించాలి. ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత తీసి వదులుగా పెట్టినప్పుడు అది ఎగిరెగిరి పడడం ఒక సూచన మాత్రమే. కొలత కావాలంటే డిప్‌స్టిక్ గొట్టానికి పారదర్శకమైన పైపు తగిలించి, దాన్ని ఆంగ్ల యూ ఆకారంలో వంచి, సగం దాకా నీళ్ళు పోయాలి. రెండు వైపుల నీటి మట్టాల మధ్య తేడా 1 సెంటీమీటరు ఉంటే ఒత్తిడి సుమారు 1 మిల్లీబార్. ఇంజిన్ లాక్కునే పక్షంలో నీళ్ళు లోపలికి పోకుండా పైపు పొడవుగా ఉంచాలి. వేగం పెంచేకొద్దీ నీరు బయటి వైపు ఎగబాకుతూ పోతే బ్రీదర్ మూసుకుపోయి ఉండవచ్చు, లేదా పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. ముందు బ్రీదర్ వాల్వును, పైపులను శుభ్రం చేసి మళ్ళీ కొలవాలి. ఒత్తిడి తగ్గకపోతే కంప్రెషన్ పరీక్ష తప్పదు. అప్పుడు ఖర్చు ఇంజిన్ మీద పెట్టాలి, టర్బో మీద కాదు.

సైలెన్సర్ వైపు నీలి పొగ

పాత టర్బో పోయినప్పుడు చిమ్మిన ఆయిల్ సైలెన్సర్‌లో నిలిచి ఉంటే, కొత్త టర్బో వేసిన తరువాత కొన్ని పదుల కిలోమీటర్ల దాకా పొగ వస్తూ క్రమంగా తగ్గుతుంది. తగ్గకపోతే టర్బైన్ తరువాతి పైపు, టర్బోకు ముందున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ రెండూ విప్పి చూడాలి. మానిఫోల్డ్ లోపల కూడా తడిగా ఉంటే ఆయిల్ ఇంజిన్ నుంచే వస్తోంది, వాల్వు గైడ్ల వైపు చూడాలి. మానిఫోల్డ్ పొడిగా, టర్బైన్ తరువాత తడిగా ఉంటే ఆయిల్ కోర్ నుంచి వస్తోంది.

ఇంటర్‌కూలర్‌లో నిలిచిన ఆయిల్ విషయంలో మాత్రం ఏ మాత్రం ఉపేక్ష పనికిరాదు. అది ఒక్కసారిగా ఇంజిన్‌లోకి పోతే డీజిల్ ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా చేసుకుని, తాళం చెవి తీసినా ఆగకుండా వేగం పెంచుకుంటూ పోతుంది. గేర్లు చేత్తో మార్చే బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజిన్‌ను ఆపవచ్చు. అది కుదరకపోతే బండికి దూరంగా జరగాలి. కోర్ మార్చిన ప్రతిసారీ ఇంటర్‌కూలర్‌ను దింపి కడిగి ఆరబెట్టాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

కోర్‌నే విప్పవలసి వస్తే

పైవన్నీ సరిగా ఉన్నాయని తేలాకే కోర్ మీద చేయి వేయాలి. టర్బైన్ వైపు షాఫ్టు గాడి అరిగి ఉంటే, లేదా రింగు కూర్చునే హౌసింగ్ బోరులో మెట్టు పడి ఉంటే, కొత్త రింగు వేసినా నిలవదు. ఆ షాఫ్టు, హౌసింగ్ మార్చవలసిందే. షాఫ్టును ఏటవాలుగా దూర్చడం వల్ల రింగు విరగడం తరచు జరిగే పొరపాటు. కంప్రెసర్ వైపు ఆయిల్‌ను మళ్ళించే రేకు ఉన్న టర్బోలలో, దాని నాలుక దిగుడు రంధ్రం వైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే ఆయిల్ సీల్ మీదికే పడుతుంది. షాఫ్టు ముందుకూ వెనుకకూ కదిలే ఆటను డయల్ గేజ్‌తో కొలవాలి. చిన్న కార్ల టర్బోలలో అది సాధారణంగా 0.1 మిల్లీమీటరు లోపే ఉండాలి. పక్కకు కొంచెం ఆట ఉండడం బుష్‌ల సహజ లక్షణం. షాఫ్టు, వీల్‌లను తిరిగి కలిపిన తరువాత బ్యాలెన్స్ చేయకపోతే బుష్‌లు, వాటి వెనుకే రింగులు అరిగిపోతాయి.

తిరిగి బిగించేటప్పుడు కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్, వీలైతే కొత్త ఫీడ్ పైపు వాడాలి. ఫీడ్ రంధ్రంలో ఆయిల్ పోసి వీల్‌ను చేత్తో తిప్పి, ఇంజిన్ అంటుకోకుండా ఇంధనం ఆపి పదిహేను సెకన్లు స్టార్టర్ తిప్పి, ఆ తరువాతే నడపాలి. మొదటి రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచాలి. 500 కిలోమీటర్లు తిరిగాక ఇంటర్‌కూలర్ కింది పైపు ఒకసారి విప్పి, లోపల జిడ్డు పొర మాత్రమే ఉందా, ఆయిల్ నిలిచిందా అన్నది చూసి రాసి పెట్టుకోవాలి.