పెద్ద సంఖ్యను విప్పి చూడటం ఎలా? కలియుగం లెక్క 4,32,000తో

చాలా పంచాంగాల్లో యుగాల లెక్క ఉంటుంది. కలియుగానికి 4,32,000 సంవత్సరాలు. సూర్యసిద్ధాంతం అనే ప్రాచీన ఖగోళ గ్రంథం లెక్క ఇది. ఆ సంఖ్య లోపల ఏముందో కాగితం, పెన్నుతోనే చూడొచ్చు. క్యాలిక్యులేటర్ అక్కర్లేదు.

ముందు సున్నాలను పక్కకు తీయండి: 432 × 1000. వెయ్యి అంటే మూడు పదుల లబ్ధం, కాబట్టి 2³ × 5³. ఇక 432ని 2తో భాగిస్తూ పొండి: 216, 108, 54, 27. నాలుగుసార్లు పోయింది. మిగిలిన 27 అంటే 3³. రెండు చోట్లా ఉన్న 2లను కలపడం చాలామంది మర్చిపోతారు. ఇక్కడ నాలుగు, అక్కడ మూడు, మొత్తం ఏడు. అంటే

4,32,000 = 2⁷ × 3³ × 5³

ఈ ఒక్క వరుస తప్పు లేకుండా రాస్తే టెన్షన్ తీరినట్టే. మిగతావన్నీ దీన్ని చూసి చెప్పేయొచ్చు.

ఎన్ని సంఖ్యలు దీన్ని శేషం లేకుండా భాగిస్తాయి? ఒక్కో ఘాతాంకానికి (పైన చిన్నగా రాసిన అంకెకు) 1 కలిపి గుణించండి: 8 × 4 × 4 = 128. ఎందుకు 1 కలపాలంటే, భాగించే సంఖ్యలో 2 అసలు లేకపోవచ్చు, ఒకటి ఉండొచ్చు, అలా ఏడు దాకా ఉండొచ్చు. మొత్తం ఎనిమిది దారులు.

ఆ 128 సంఖ్యల మొత్తం కావాలా? 1 నుంచి 2⁷ దాకా 2 ఘాతాలన్నీ కూడితే 255. అలాగే 3కి 40, 5కి 156. మూడూ గుణిస్తే 15,91,200. అందులోంచి 4,32,000 తీసేస్తే 11,59,200. అసలు సంఖ్య కంటే ఎక్కువ! ఇలాంటివాటిని అబండెంట్ సంఖ్యలంటారు. సరిగ్గా సమానమైతే పరిపూర్ణ సంఖ్య, 6 లాగా (1 + 2 + 3).

అంకెల మొత్తం 9. దాంతో భాగిస్తే సరిగ్గా 48,000. కాబట్టి ఇది హర్షద్ సంఖ్య కూడా. ఆనందాన్నిచ్చేది అనే అర్థంలో ఆ పేరు పెట్టింది దేవ్‌లాలీలో స్కూలు మాస్టారుగా పనిచేసిన డి.ఆర్. కప్రేకర్. లెక్కల మీద ఎంత ప్రేమ ఉంటే అలాంటి పేరు తడుతుంది!

ఇక నాకు బాగా ఇష్టమైన పరీక్ష. వర్గం కావాలంటే ఘాతాంకాలన్నీ సరిసంఖ్యలు కావాలి, ఘనం కావాలంటే అన్నీ 3 గుణిజాలు కావాలి. మనవి 7, 3, 3. రెండూ కాదు. అన్నీ 2 లేదా అంతకంటే ఎక్కువే, అయినా మరే సంఖ్యకూ పూర్తి ఘాతం కాదు. అలాంటిది అకిలీస్ సంఖ్య. బలమంతా ఉండి మడమ దగ్గర దెబ్బతిన్న గ్రీకు వీరుడి పేరు అది.

ఇక్కడ అడ్డుపడింది 7 ఒక్కటే. దాన్ని 9 చేయాలంటే మరో రెండు 2లు కావాలి, అంటే 4తో గుణించాలి. వచ్చేది 17,28,000. అది 120 × 120 × 120. ఇప్పుడు పంచాంగంలో కృతయుగం పక్కన ఉన్న సంఖ్య చూడండి. అదే 17,28,000. త్రేతాయుగం 12,96,000కి ఘాతాంకాలు 7, 4, 3. ద్వాపరం 8,64,000కి 8, 3, 3. నాలుగింటిలో ఘనమైంది కృతయుగం ఒక్కటే.